స్టార్ట్ కాని కారు

మన డయాస్పోరా కథల్లో తరచూ ఒక పిట్ట ఉంటుంది. దానికి పేరుండదు. కిటికీ అవతల ఏదో పిట్ట కూసిందని రాసేసి, రచయిత గబగబా ఊళ్లో వేపచెట్టు దగ్గరికి వెళ్లిపోతాడు. అక్కడి పిట్టకి మాత్రం పేరుంటుంది. నేను ఫీనిక్స్‌లో వీసా మీద ఉంటున్నాను, ఇది తొమ్మిదో ఏడు. గ్రీన్‌కార్డు వరస ఇప్పట్లో కదిలేది కాదు. ఇక్కడ ఉంటూనే ఇక్కడ లేనట్టు ఇంకెన్నాళ్లు బతకాలి? అందుకే ఆ 'ఏదో' అన్న మాట మీద నాకు కోపం.

మా అపార్ట్‌మెంట్ వెనకుండే 'ఏదో పిట్ట' పేరు కాక్టస్ రెన్. గుర్తుపట్టడానికి యాప్ అక్కర్లేదు. బ్యాటరీ దిగిపోయిన పాత కారుకి తాళం తిప్పుతుంటే గరగరమని, స్టార్ట్ కాకుండా ఆగిపోతుంది చూడండి, అదే దీని పాట. (పాట అనడానికి కొంచెం ధైర్యం కావాలి.) కంటి మీద పొడవాటి తెల్ల చార, ఛాతీ మీద గుత్తంగా నల్ల చుక్కలు. ఇక్కడే తిరిగే థ్రాషర్ కూడా కాస్త ఇలాగే ఉంటుంది గానీ దాని కన్ను నారింజ రంగు, ఛాతీ మచ్చలు మసకమసక.

గూడు అనగానే మనకి గిజిగాడూ, జాషువా గుర్తొస్తారు. దీని గూడు అంత అందంగా ఉండదు. రగ్బీ బంతిలాంటి గడ్డి మూట, పక్కనుంచి దారి. కట్టేది మాత్రం చోయా అనే జెముడు ముళ్ల నడిమధ్యన. గిజిగాడి గూడు పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ; దీనికి గూడంటే ఏడాది పొడుగునా పడకగది. ఆడది గుడ్లు పొదుగుతుంటే మగది ఇంకో గూడు మొదలెడుతుంది. పక్కన థ్రాషర్ గూడు కనిపిస్తే పీకేస్తుంది, థ్రాషర్ కూడా దీని గూటిని వదలదు. నీళ్లు దొరక్కపోతే పురుగుల్లో, జెముడు పళ్లలో ఉన్న తడితోనే గడిపేస్తుంది. వలస వెళ్లదు. 1931 నుంచీ అరిజోనా రాష్ట్ర పక్షి ఇదే.

మన పొలం గట్ల మీది నాగజెముడు కూడా ఈ ఖండం నుంచి వచ్చిందే. ఎవరి అనుమతీ అడక్కుండా అక్కడ పాతుకుపోయి, తెలుగు పేరు కూడా సంపాదించుకుంది.

మొన్న పొద్దున వీడియో కాల్‌లో అమ్మ ఆ గరగర వింది. "కారు షెడ్డుకియ్యరాదా నాన్నా, ఆఫీసుకి లేటవుద్ది" అంది.

"కారు కాదమ్మా, జెముడుపిట్ట" అన్నాను. ఆ పేరు అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చింది.

"ఏదీ, చూపించు" అంది. ఫోన్ కిటికీ వైపు తిప్పాను.