మావ జీపు కింద ఎర్ర మరక

కాస్త పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి. గ్రూపులో అందరూ నోటిఫికేషన్లు, హాస్టళ్ళు, సర్టిఫికెట్ల గురించి రాస్తుంటారు. నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివినోడిని, నాకు తెలిసింది బండి. అందుకే బండి గురించే రాస్తున్నాను.

మా మావది సెకండ్ హ్యాండ్‌లో కొన్న సర్వీసు జీపు. సంతలకి తిరుగుతుంది, వారంలో రెండుసార్లు పాడేరు ఘాట్ దిగి చోడవరం వెళ్తుంది. రాత్రిపూట ఊళ్ళో ఎవరికి బాగోకపోయినా ముందు తట్టేది మావ తలుపే. ఆ జీపుకి రెండు నెలలుగా స్టీరింగ్ ఆయిల్ కారుతోంది. మావ చేసిన వైద్యం ఏంటంటే, సీటు కింద లీటరు డబ్బా పెట్టుకుని పోసుకుంటూ పోవడం. మొదట వారానికోసారి పోసేవాడు, తర్వాత రోజూ పొద్దున్నే. మలుపు తిప్పినప్పుడల్లా ముందు నుంచి ఊఁ అని మూలుగు. అడిగితే, "ముసలి బండి మూలగదేటిరా?" అని నవ్వేసేవాడు.

ఆ మూలుగు ముసలితనం కాదు. ఇంజిన్ బెల్టు ఒక పంపుని తిప్పుతుంది, ఆ పంపు ఆయిల్‌ని గట్టిగా నెడుతుంది, ఆ బలమే మన చేతికి సాయం. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీల్చుకుంటుంది, అప్పుడే ఆ ఊఁ. ఆయిల్ మొత్తం పోయినా స్టీరింగ్ తెగిపోదు, చక్రాలు తిరుగుతాయి. కానీ బండరాయిని తిప్పినట్టుంటుంది. పదిమంది మనుషులు, పైన అల్లం బస్తాలు, ఎదురుగా ఘాట్ మలుపు ఉన్నప్పుడు ఆ బరువు చేతిమీద పడితే ఎలా ఉంటుందో మనోళ్ళకి చెప్పక్కర్లేదు. కారిన ఆయిల్ కాలిన సైలెన్సర్ గొట్టం మీద పడితే మంట భయం కూడా ఉంది.

కింద ఊళ్ళో ఒక షెడ్డులో చూపిస్తే, మేస్త్రి కిందకి వంగి, ర్యాక్ చివర రబ్బరు బూటు తడిగా ఉందని వేలు పెట్టి చూపించి, "ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలి, 35,000" అన్నాడట. మావ కాఫీ డబ్బులు తీసేద్దామనుకున్నాడు. ఆ డబ్బులు మా మరదలి నర్సింగ్ ఫీజుకని దాచినవి. అత్త రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు నేను, "ఒక్కరోజు బండి నాకియ్యి మావా" అన్నాను. నమ్మకంతో ఇచ్చాడనుకోను, పోయేదేముందిలే అని ఇచ్చాడు.

ముందు మరక చూసాను. ఎర్రగా, జారుడుగా ఉంది, అంటే మేం పోసే స్టీరింగ్ ఆయిలే. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉండేది. డబ్బా నుంచి పంపుకెళ్ళే పైపు, పంపు నుంచి ర్యాక్‌కెళ్ళే ప్రెషర్ పైపు, వెనక్కొచ్చే రిటర్న్ పైపు, అన్నీ తడిసి మట్టి పట్టేసి ఉన్నాయి. ఈ స్థితిలో ఎంత చూసినా ఏమీ తెలీదు. ఆయిల్ పైన పుట్టి పైపుల వెంట జారి, గాలికి వెనక్కి చిమ్మి, అన్నిటికన్నా కింద ఉన్నచోట బొట్టు కడుతుంది. ఆ మేస్త్రి చూసింది బొట్టు కట్టిన చోటు.

బూటు క్లిప్పు ఒకటి వదులు చేసి లోపల చూసాను. ర్యాక్ సీలు పోతే ఆయిల్ బూటు లోపల నిండాలి. లోపల గ్రీజు తప్ప ఏమీ లేదు, పొడిగా ఉంది! ఆ క్షణం నాకు ఐటీఐ పాసైనప్పటికన్నా ఎక్కువ సంతోషమేసింది.

సబ్బునీళ్ళతో అంతా కడిగి, ఆరబెట్టి, చెల్లి పౌడరు డబ్బా తెచ్చి పైపుల మీద, జాయింట్ల మీద చల్లాను. (చెల్లి ఇప్పటికీ తిడుతోంది.) కింద అట్టముక్క పరిచాను. మావని ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పమన్నాను. చివర దాకా తిప్పి ఐదు సెకన్ల కన్నా పట్టి ఉంచకూడదు, పంపు దెబ్బతింటుంది. చెయ్యి పెట్టి తడమకూడదు కూడా. సన్నటి ధార ఆ ఒత్తిడికి చర్మంలోకి దూరిపోగలదు. టార్చి వేసి దూరం నుంచే చూడాలి.

"ఏటిరా, కనబడిందా?" అని మావ పైనుంచి. మొదట రిటర్న్ పైపు క్లిప్పు దగ్గర పౌడరు కొంచెం ఎర్రబడింది. బిగించేసి, అయిపోయింది మావా అని గొప్పగా చెప్పేసాను. తెల్లారి చూస్తే అట్ట మళ్ళీ తడి. సిగ్గేసింది. మళ్ళీ కడిగి, మళ్ళీ పౌడరు. ఈసారి స్టీరింగ్ చివరికి తిరిగినప్పుడు మాత్రమే ప్రెషర్ పైపులో రబ్బరు ఇనుప కాలరులోకి దూరే చోట ఒక బొట్టు ఊరింది, తిప్పడం ఆపగానే ఆగింది. దొంగ దొరికాడు.

ప్రెషర్ పైపుకి క్లిప్పు, ఎంసీల్, ట్యూబు ముక్క చుట్టడం పనికిరావు. పైపు విప్పి అనకాపల్లి తీసుకెళ్ళి, జేసీబీలకి పైపులు కట్టే షాపులో, ఈ ఆయిల్‌కీ వేడికీ ఒత్తిడికీ తట్టుకునే రబ్బరుతో కొత్త కాలర్లు నొక్కించాను. 1,800 అయ్యింది, బస్సు ఛార్జీ వేరే. బిగించేటప్పుడు డబ్బులు మిగులుతాయని పాత రాగి వాషర్లే వేసాను. అక్కడ సన్నగా చెమర్చింది. కొత్తవి వేస్తే ఆగింది. వాషర్ దగ్గర పిసినారితనం చేసినందుకు ఒక పూట పని రెండుసార్లు.

తర్వాత గాలి తీయాలి. ముందు చక్రాలు జాకీతో లేపి స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాం, డబ్బాలో తగ్గినకొద్దీ పోస్తూ. అప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్ళీ నెమ్మదిగా తిప్పాం. మొదట గులాబీ రంగు నురగ వచ్చింది, కాసేపటికి నురగ పోయి ఎర్రగా తేరింది. మూలుగు ఆగింది.

ఉట్నూరు, భద్రాచలం వైపు తమ్ముళ్ళలో ఎవరికైనా ఇలాంటి బండి ఉంటే ఒక్క మాట. డబ్బా మూత మీద ఏ ఆయిల్ రాసుందో అదే పోయండి, బ్రేక్ ఆయిల్ అస్సలు పోయొద్దు, రబ్బరు సీళ్ళు పాడవుతాయి. కొత్త కార్లు చాలావాటిలో కరెంటు స్టీరింగ్, ఈ ఆయిలే ఉండదు, వాటి సంగతి వేరు.

మరదలి ఫీజు కట్టేశారు. మావ మాత్రం సీటు కింద లీటరు డబ్బా ఇంకా తీయలేదు. అందులో ఆయిల్ ఎంతుందో నేను మార్కరుతో గీత పెట్టి, ఆదివారం ఆదివారం చూస్తున్నాను. నాలుగు వారాలైంది, గీత దగ్గరే ఉంది.