మా రెండెకరాల్లో మూడు పాత ట్రాక్టర్లు

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులుగా ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగారు. మొదట చదువు గొప్పతనం గురించి రాద్దామనుకున్నాం. అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మా ఊళ్ళో 2024 జూన్‌లో జరిగిన ఒక దున్నకం గురించి రాస్తున్నాం. (ఇందులో అంతా 'మేము' అనే ఉంటుంది. 2012లో అయిదో తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చినప్పటి నుంచి సబ్బు, దుప్పటి, ఆదివారం గుడ్డు అన్నీ పంచుకున్నాం. 'నేను' అని రాయబోతే చెయ్యి రావడం లేదు. తమ్ముళ్ళు నవ్వుకున్నా సరే.)

మాది నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు. 1970లలో ప్రభుత్వం మా వాడలో తొమ్మిది కుటుంబాలకు తలా రెండెకరాలు ఇచ్చింది. అంతా గుట్ట కింది ఎర్ర చెల్క. మా తాత పేరున వచ్చిన పట్టా కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఇప్పటికీ మా అవ్వ పెట్టెలో ఉంది. 1977లో వచ్చిన చట్టం ప్రకారం అటువంటి భూమిని అమ్మకూడదు, కొనకూడదు. అమ్ముకునే అవసరాలు మాకు చాలాసార్లు వచ్చాయి. అమ్మడానికి లేదు కాబట్టే మిగిలిందని మా నాయన అంటాడు.

మేము హాస్టల్‌కు వచ్చిన ఏడే ఇంట్లో ఎడ్లను అమ్మేశారు. వాటిని మేపేది మేమే. అమ్మా నాయనా ఇద్దరూ పనికి పోతే చూసేవాళ్ళు లేరు. ఆ సంగతి దసరా సెలవులకు పోయాక తెలిసింది. కొట్టంలో గుంజలు మాత్రం ఉన్నాయి. "ఎడ్లదేముంది బిడ్డా, ట్రాక్టర్లు రాలేదా ఏంది, నువ్వు మంచిగ చదువుకో" అన్నది అమ్మ.

ట్రాక్టర్లు వచ్చిన మాట నిజమే. మా దగ్గరకు మాత్రం అందరి తర్వాత వచ్చేవి. చెల్క దున్నడానికి పదును కావాలి. మరీ తడిగా ఉంటే మట్టి గొర్రుకు అంటుకుంటుంది, ఆరిపోతే గొర్రు పైపైన గీసుకుంటూ పోతుంది. ఎర్ర నేలలో ఆ పదును వాన తర్వాత మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ట్రాక్టర్ ఉన్నవాళ్ళు ముందు తమది, తర్వాత చుట్టాలది, ఆ తర్వాత రోడ్డు పక్కన పెద్ద చేన్లు దున్నుకొని అప్పుడు గుట్ట కిందికి వచ్చేవారు. చిన్న చెలకల్లో బండి తిప్పుకోవడానికే సగం పొద్దు పోతుందని, రాళ్ళకు గొర్రు పళ్ళు విరుగుతాయని వాళ్ళ మాట. అది అబద్ధమేమీ కాదు. అయితే వాళ్ళు వచ్చేసరికి మా పదును పోయేది. కిరాయి మాత్రం అంతే. 2020 నుంచి నాలుగేళ్ళు మా రెండెకరాలు పడావు పడ్డాయి. సర్కారు తుమ్మ మొలిచింది. ఇంట్లో మొదటిసారి ఒకరు డిగ్రీ చదువుతున్నారని అమ్మ అందరికీ చెప్పుకునే రోజులు కూడా అవే.

మా నాయన ఇరవై రెండేళ్ళు వేరే వాళ్ళ ట్రాక్టర్ నడిపాడు. ఊళ్ళో ఆయన దున్నని చేను లేదు, మాది తప్ప. 2023లో ఆ ఇంటివాళ్ళు కొత్త బండి కొని, పాత హెచ్.ఎం.టి. 2511ను చింతచెట్టు కింద పెట్టేశారు. పాత ఇనుము వాళ్ళు కిలోల లెక్కన బేరం ఆడుతుంటే నాయన తనకు రావలసిన జీతం బాకీ కింద ఆ బండిని అడిగి తెచ్చుకున్నాడు. అమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ కంపెనీ గురించి కొంచెం చెప్పాలి. హెచ్.ఎం.టి. వాళ్ళు 1971లో హర్యానాలోని పింజోర్‌లో చెకోస్లోవేకియా జెటర్ సహకారంతో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టారు. మా 2511కు రెండు సిలిండర్లు, 25 హార్స్ పవర్. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని నిర్ణయించింది. ఇక సామాన్లు ఎక్కడ దొరుకుతాయని మేమంటే, "నా మోకాళ్ళకు దొరుకుతున్నయా? అయినా నడుస్తలేనా" అన్నాడు నాయన.

హాస్టల్‌లో మా ట్రంకు పెట్టె పక్కన పెట్టె ఉన్న మిత్రుడు పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చేశాడు. పదోతరగతిలో లెక్కలు వాడికి మేము చెప్పాం. ఇప్పుడు వాడు పదిహేను రోజులు మా ఇంట్లో ఉండి ఇంజను విప్పి బిగించాడు. స్పానర్లు అందించడం మా పని. 12-13 అడిగితే 14-15 ఇచ్చామని తిన్న తిట్లు ఇక్కడ రాయలేం. బండి మొదటిసారి స్టార్టయి నల్లటి పొగ వదిలినప్పుడు అమ్మ కూడా బయటికి వచ్చి చూసింది.

ఒక్క బండితో తొమ్మిది కుటుంబాల భూమి పదునులో దున్నలేం. ఆ మిత్రుడు వాళ్ళ మేనమామ దగ్గరి మాస్సీ ఫెర్గూసన్ 1035 నడుపుకుంటూ వచ్చాడు. మా పెద్దమ్మ కొడుకు ఇటుకలు తోలే స్వరాజ్ 724 తెచ్చాడు. అది 1974లో వచ్చిన మోడల్, మన దేశంలోనే దుర్గాపూర్ పరిశోధన సంస్థలో రూపొందింది. మూడింటిలో ఒకదానికి సెల్ఫ్ లేదు, ఒకదానికి హారన్ లేదు. మా దానికి బ్రేకు ఉందో లేదో నాయనకే తెలియాలి.

జూన్ మొదట్లో వాన పడింది. రెండో రోజు నాయన గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించి తెరిచాడు. ముద్ద అయింది, వేలు పెడితే విరిగింది. "రేపు" అన్నాడు.

తెల్లవారేసరికి వాడంతా చెల్కలో ఉంది. తుమ్మ ముందే కొట్టేశారు. ఆడవాళ్ళు రాళ్ళు ఏరి గట్టుకు వేస్తున్నారు. అవ్వ మూడు బండ్లకూ పసుపు కుంకుమ పెట్టి టైర్ల కింద నిమ్మకాయలు ఉంచింది. ముందు ఎవరిది దున్నాలని కాస్త గొడవ అయింది. గుట్టను ఆనుకొని ఒక ఒంటరి ముసలవ్వ చెల్క ఉంది. ప్రతి ఏడూ అందరి తర్వాత ఆమె వంతు. అక్కడి నుంచి మొదలు పెడదామని పెద్దమ్మ అన్నాక ఎవరూ మాట్లాడలేదు.

డీజిల్ లెక్క వేసింది ఉస్మానియాలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్న మేము. పదకొండింటికి మా హెచ్.ఎం.టి. ఆగిపోయింది. డబ్బాలు కట్టుకొని బైక్ మీద బంకుకు పోయి తెచ్చి పోస్తే, పైపుల్లో గాలి పట్టి స్టార్టు కాలేదు. మిత్రుడు నట్లు వదులు చేసి గాలి తీసేసరికి గంటన్నర పోయింది. పైన మబ్బు పట్టింది. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మా రెండెకరాల వంతు వచ్చేసరికి పొద్దు గుట్ట మీదికి దిగింది. నాయన గట్టు దగ్గర బండి ఆపి కిందికి దిగాడు. చెప్పులు విడిచి గట్టు మీద పెట్టి మళ్ళీ ఎక్కాడు. ఊరి చేన్లన్నీ చెప్పులతోనే దున్నిన మనిషి.

నాలుగు సాళ్ళు అయ్యాక మేము నడుపుతామన్నాం. "నీకెందుకు, బట్టలు ఖరాబైతయి" అన్నాడు.

"మా చదువుకేగా ఎడ్లు పోయినయి నాయినా" అన్నాం. పన్నెండేళ్ళలో ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

ఆయన ఏమీ అనలేదు. సీటు వదిలి మడ్‌గార్డు మీదికి జరిగాడు.

మా సాలు పాము పోయినట్టు పోయింది. ముందు చక్రం చూస్తే వెనక గొర్రు తప్పుతోంది, వెనక చూస్తే బండి గట్టెక్కుతోంది. మిత్రుడు అవతల మాస్సీ ఆపి పడిపడి నవ్వాడు. సరి చేయమని స్టీరింగ్ ఇవ్వబోతే నాయన తీసుకోలేదు, "పోనియ్" అన్నాడు.

ఆ ఏడు అందులో కంది వేశారు. మొదట్లో నాలుగు సాళ్ళు నిలువుగా, తర్వాత వంకరగా మొలిచింది. సంక్రాంతి సెలవులకు పోయేసరికి కోస్తున్నారు. అమ్మ కొడవలి ఆపి ఆ వంకర వరుస చూపించి, "ఇగో, నీ ఎం.ఏ." అన్నది.