అవ్వ మంచంలో అరుంధతి

మా కే.వి.కుప్పం మిద్దె మీద సప్తర్షి మండలాన్ని అవ్వ "మంచం" అంటుంది: నాలుగు కోళ్లు, ఎత్తుకుపోను వచ్చిన ముగ్గురు దొంగలు. కన్నడ బడిలో నాకు నేర్పింది మండలం పేరొక్కటే. ఒక్కో చుక్క పేరు ముప్పై దాటాక, తెలుగు కూడబలుక్కుంటూ చదివి నేర్చుకున్నా.

కోళ్లు క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి. దొంగలు అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత సాగదీస్తే ధ్రువుడు. నడిమి దొంగ పక్కనే, పెళ్లిలో పగలే చూపించే అరుంధతి.

ఈ జంట వెలుగు మన దాకా రావడానికి సుమారు 80 ఏళ్లు. అంటే ఇప్పుడు కనబడేది అవ్వ పిల్లప్పుడు బయల్దేరిన వెలుగు. ఆమె కంటికి ఇప్పుడు చుక్కలు ఆనవు. నేను పేర్లు చెబితే "దొంగలకి రుషుల పేర్లా!" అని నవ్వుతుంది. తమిళ బడికి పోయే మా పాపకి మంచం కథ అవ్వే చెబుతోంది, పేర్లు నేను చెబుతున్నా.