నెత్తిమీది పొట్టు, చేతిలోని సీసా

బయ్యారంలోని మా మద్రసాకు వచ్చే బాలికలలో ఒకామెకు పద్నాలుగేళ్ళు. నాజిరా పూర్తిచేసి హిఫ్జ్ మొదలుపెట్టిన చురుకైన పిల్ల. మూడు వారాలపాటు పాఠానికి రాలేదు. కబురు పంపగా తల్లి వచ్చింది. చెప్పడానికి చాలాసేపు మొగమాటపడి, చివరకు ఇలా అన్నది: "మౌలానా సాబ్, పిల్ల నెత్తి నిండా రూసీ. నల్ల హిజాబ్ మీద తెల్లగా రాలుతున్నది. పక్కన కూర్చున్న పిల్లలు దూరం జరుగుతున్నారట. గుడ్డ కప్పుకోవడం వల్లనే వచ్చిందని బడిలో ఎవరో అన్నారట. 'అమ్మీ, నేనిక హిజాబ్ కట్టుకోను, మద్రసాకూ పోను' అని ఏడుస్తున్నది."

ఇంట్లో ఇంతవరకు ఏమేమి పూశారని అడిగాము. మరునాడు ఆమె ఒక సంచి తెచ్చి మా ముందు పెట్టింది. అందులో ఒక నూనె సీసా, ఎండిన నిమ్మచెక్కలు, రెండు రూపాయల షాంపూ సాషేలు నాలుగైదు, మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చిన ఒక క్రీము ట్యూబు ఉన్నాయి. తలకు మందు పెట్టే విషయంలో మన ఇళ్ళలో జరిగేదంతా ఆ సంచిలోనే ఉందనిపించింది.

మేము హకీములము కాము. దర్సె నిజామీ చదివినవారము, ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నవారము. అయితే మా వద్ద ఉండి చదువుకునే అబ్బాయిలను చర్మవ్యాధుల డాక్టర్ల దగ్గరకు తీసుకుపోవడం మాకు తరచూ తప్పని పని. అక్కడ విని, అడిగి తెలుసుకున్నవి, మందు సీసాలతో వచ్చే కాగితాలలో చదివినవి మాత్రమే ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట ఆ గుడ్డ సంగతి. చుండ్రుకు ముఖ్య కారణం మలస్సేజియా అనే కంటికి కనపడని ఒక శిలీంధ్రం. అది హిజాబ్ కట్టుకున్న తల మీదా, కట్టుకోని తల మీదా, మాడు మీద జిడ్డు ఊరే ప్రతి మనిషి తల మీదా ఉండేదే. ఆ జిడ్డునే తిని బ్రతుకుతుంది. కొందరి చర్మం దానిని సహించలేదు. అప్పుడు చర్మం త్వరత్వరగా పెరిగి పొట్టులా రాలుతుంది, దురద పెడుతుంది. యుక్తవయస్సులో జిడ్డు గ్రంథులు చురుకుగా పనిచేస్తాయి గనుక పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలలో ఇది మొదలవుతుంది. ఇది అంటురోగం కాదు. పక్కన కూర్చున్నంత మాత్రాన, ఒకే చాప మీద చదువుకున్నంత మాత్రాన ఒకరి చుండ్రు మరొకరికి రాదు. శుభ్రత లేనివాళ్ళకే వస్తుందన్న మాట కూడా నిజం కాదు.

అట్లని గుడ్డకు ఏ సంబంధమూ లేదని చెప్పి తప్పించుకోవడం న్యాయం కాదు. తడి జుట్టును అట్లాగే ముడివేసి, దాని మీద బిగుతుగా లోటోపీ, దాని మీద నైలాన్ హిజాబ్ కడితే లోపల చెమట ఆరదు. ఉన్న దురద ఎక్కువవుతుంది. అందుకు మందు హిజాబ్ తీసివేయడం కాదు. జుట్టు పూర్తిగా ఆరిన తర్వాతనే కట్టుకోవాలి. లోపల నూలు గుడ్డ వాడాలి. దానిని రోజూ ఉతికి ఎండలో ఆరవేయాలి. ఇంట్లో మహ్రమ్‌ల మధ్య ఉన్నప్పుడు తలకు గాలి తగలనివ్వాలి. నమాజుకు వచ్చే అబ్బాయిలకు కూడా ఒక మాట. మసీదు గూటిలో అందరి కోసం పెట్టిన టోపీలను ఒకరి తర్వాత ఒకరు పెట్టుకోవడం వలన చుండ్రు రాదు గాని, పేలు, తామర వ్యాపించవచ్చు. ఎవరి టోపీ వారు జేబులో తెచ్చుకోవడం మేలు.

మా ఊరు ఇనుపరాతికి పేరుపొందినది. ఎండాకాలంలో లారీల వెనుక లేచే ఎర్రదుమ్ము వల్లనే పిల్లల నెత్తులు ఇట్లా అవుతున్నాయని ఒక పెద్దాయన, బోరునీటి వల్లనని ఇంకొకాయన వాదిస్తారు. కాకతీయుల ఆడపడుచు మైలాంబ త్రవ్వించిన మా పెద్దచెరువు నీళ్ళతో తలస్నానం చేస్తే పోతుందనే వారూ ఉన్నారు. దుమ్ము, ఉప్పునీరు తలను చికాకు పెట్టగలవు. కాని చుండ్రును పుట్టించేవి అవి కావు.

ఇక ఆ సంచిలోని నూనె సంగతి. నూనె రాస్తే పొలుసులు మెత్తబడి అణిగిపోయినట్లు కనిపిస్తాయి. తల్లికి తృప్తి కలుగుతుంది. కాని చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె పట్టించి ఉంచడమంటే ఆ శిలీంధ్రానికి దస్తర్‌ఖాన్ పరచడమే. నిమ్మరసం, పుల్లపెరుగు పుండుపడిన మాడును మంట పెడతాయి. కుంకుడుకాయ రసం మురికిని చక్కగా వదిలిస్తుంది, మేమూ చిన్ననాట దానితోనే తల అంటుకున్నాము. అయితే శుభ్రపరచడం వేరు, మందు పనిచేయడం వేరు.

రెండు రూపాయల సాషే మీద చుండ్రు పోతుందని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంటుంది. ఆ పెద్ద అక్షరాలను వదిలి, వెనుకనున్న చిన్న అక్షరాలను చదవాలి. సీసా రంగు, వాసన, దాని మీది బొమ్మ ఏవీ మందు కావు. మందు పేరు, దాని శాతమే మందు.

మన ప్రాంతంలో డాక్టర్లు ఎక్కువగా వ్రాసేది కీటోకొనజోల్ 2 శాతం ఉన్న షాంపూ. అది శిలీంధ్రాన్ని నేరుగా అణచివేస్తుంది. పెద్దలు, యుక్తవయస్సు పిల్లలు వారానికి రెండుసార్లు చొప్పున రెండు నుండి నాలుగు వారాలు వాడాలి. తగ్గిన తర్వాత వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉంటే తిరిగి రాకుండా ఆగుతుంది. చుండ్రు ఒకసారి పోయి ఇక జీవితాంతం రానిది కాదు, అదుపులో పెట్టవలసినది. ఈ మాట ముందే తెలిస్తే నెల తర్వాత మళ్ళీ నాలుగు పొలుసులు కనిపించినప్పుడు సీసాను తిట్టకుండా ఉంటాము. ఇదే కీటోకొనజోల్ మాత్రల రూపంలో కూడా ఉండేది. కాలేయానికి చేసే హాని కారణంగా 2013లో ఐరోపాలో ఆ మాత్రలను నిలిపివేయాలని నిర్ణయించారు, అమెరికాలో గట్టి ఆంక్షలు పెట్టారు. షాంపూ అట్లా కాదు, తలకు పట్టించి కడిగేసే మందు శరీరంలోకి పోయేది అత్యల్పం. కనుక మాత్ర మింగితే త్వరగా పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు.

సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం మరొకటి. జిడ్డుగా, పసుపుపచ్చగా అంటుకునే పొట్టుకు అది మంచిది. గోకి గోకి చర్మం చిట్లిన చోట మాత్రం వాడకూడదు. ఉంగరాలు, చెవికమ్మలు తీసి వాడాలి, లేకుంటే నల్లబడవచ్చు. మన ఇళ్ళకు ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. తలకు రంగు వేసుకోవడానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు దీనిని వాడకూడదు. మెహందీ పెట్టుకునేవారు కూడా ఈ వ్యవధి పాటించడం మంచిది.

జింక్ పైరిథియోన్ అనేది అంగళ్ళలో దొరికే సాధారణ చుండ్రు షాంపూలలో ఉండేది. తేలికపాటి చుండ్రుకు అది చాలు. 2022 మార్చి నుండి ఐరోపా సమాఖ్యలో సౌందర్య సాధనాలలో దీనిని నిషేధించారు. సంతానోత్పత్తికి హాని కలిగించగల పదార్థాల జాబితాలో చేర్చడమే అందుకు కారణం. షాంపూ వాడినవారికి కీడు జరిగిందని తేలి నిషేధించినది కాదు. మన దేశంలో అమ్మకం సాగుతూనే ఉంది. మందంగా పేరుకున్న పొలుసులను విడదీయడానికి సాలిసిలిక్ ఆమ్లం, సోరియాసిస్ వంటి వాటికి తారు కలిసిన షాంపూలు ఉన్నాయి. తారు వాసన అందరికీ పడదు. అది వాడిన తలకు గట్టి ఎండ తగలకూడదు.

ఏ మందైనా పనిచేయాలంటే అది మాడు మీద ఉండాలి. పది మందిలో ఎనిమిది మంది ఇక్కడనే చెడగొట్టుకుంటారని మా అనుమానం. జుట్టు చివరలకు నురగ పట్టించి వెంటనే కడిగేస్తే మందు మురుగుకాల్వ పాలవుతుంది. పాయలు విడదీసి, వేళ్ళ కొనలతో, గోళ్ళతో కాదు, చర్మానికి పట్టించి మూడు నుండి ఐదు నిమిషాలు ఉంచాలి. సెలీనియమైతే రెండు మూడు నిమిషాలు చాలు. స్నానాల గదిలో సూరాలు చదివి సమయం కొలవకూడదు గనుక మా పిల్లలకు మనసులో మూడు వందల వరకు నెమ్మదిగా లెక్కపెట్టుకోమని చెప్పాము. అంతసేపు కుళాయి కట్టివేయాలి. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ, ఒక సాఅ్ నీటితో గుసుల్ చేసేవారని హదీసులలో ఉంది. సాఅ్ అంటే ఇంచుమించు మూడు లీటర్లు. అన్నట్టు, ఈ షాంపూ అన్న మాట మన 'చంపీ' నుండి పోయినదే. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ ముహమ్మద్ అనే ఆయన ఇంగ్లాండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి ఆ మాటను అక్కడ ప్రసిద్ధం చేశాడు. అప్పట్లో దాని అర్థం ఒత్తడం, మర్దించడం. సీసాలోని ద్రవానికి ఆ పేరు తర్వాత అంటుకున్నది.

వారానికి రెండుసార్లు అన్న లెక్క మరచిపోకుండా మేము మా మద్రసాలో సోమవారం, శుక్రవారం అని పెట్టాము. జుమా గుసుల్ ఎట్లాగూ ఉంది. ఆ అమ్మాయికి కూడా అదే చెప్పాము. డాక్టరుకు చూపించి, కీటోకొనజోల్ వ్రాయించుకుని వాడితే మూడో వారానికి పొట్టు రాలడం దాదాపు ఆగింది. ఇప్పుడు ఆమె రెండో జుజ్‌లో ఉంది.

ఆమెను డాక్టరు వద్దకు తప్పక తీసుకుపొమ్మని మేము పట్టుబట్టింది మాత్రం ఆ ట్యూబు వలన. దాని మీద క్లోబెటాసోల్ అని ఉంది. అది బలమైన స్టెరాయిడ్. డాక్టరు వ్రాసి, ఆయన చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందే. చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడుతుంది. అక్కడ ఉన్నది తామర అయితే దురద రెండు రోజులు అణిగి, లోలోపల తామర ప్రాకుతుంది. మానేయగానే మంట రెట్టింపవుతుంది. ఈ దుర్వినియోగం వల్లనే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూతమందులు అనేకం డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం వచ్చినా దుకాణంలో అడిగితే ఇస్తూనే ఉన్నారు. అడగడం మానవలసింది మనమే.

తల దురద పెట్టే ప్రతిదీ చుండ్రు కాదు. నల్ల మెహందీ పేరుతో అమ్మే పొడులలో పి.పి.డి. అనే రసాయనం ఉండవచ్చు. అది పడనివారికి తల, చెవులు, నుదురు ఎర్రబడి వాస్తాయి. దానికి చుండ్రు షాంపూ మందు కాదు, ఆ రంగును మానడమే మొదటి మందు. చిన్నపిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి, అక్కడ పొలుసులు కడితే అది తామర కావచ్చు. దానికి డాక్టరు ఇచ్చే మాత్రలు కావాలి, షాంపూ ఒక్కటే చాలదు. పాలుతాగే పసివాళ్ళ మాడు మీద అట్టకట్టే పొట్టుకు కాస్త నూనె రాసి మెత్తని బ్రష్‌తో తీయడమే చాలు, పెద్దల మందు వారికి తాకించవద్దు. గర్భిణులు, పన్నెండేళ్ళలోపు పిల్లలు డాక్టరును అడగనిదే ఏదీ వాడవద్దు. నాలుగు వారాలు సక్రమంగా వాడినా తగ్గకపోయినా, చీము, నెత్తురు, గుత్తులుగా జుట్టు ఊడడం కనిపించినా మానుకోటకో, వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రికో పోవాలి. గడ్డం, కనుబొమలు, ముక్కు పక్కల పొట్టు రాలేవారికి కూడా చాలాసార్లు ఇదే వ్యాధి. గడ్డానికీ ఇదే షాంపూ పట్టించి కొద్ది నిమిషాల తర్వాత కడగవచ్చు.

ధర్మపరంగా మమ్మల్ని అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. సీసా మీద సెటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అని చూసి భయపడేవారు ఉన్నారు. అవి పేరుకే ఆల్కహాల్. మైనం వంటి పదార్థాలు, మత్తు కలిగించేవి కావు. తలచర్మపు పొట్టు మన శరీరంలోని భాగమే గనుక మసహ్‌కు అడ్డు కాదు, దానిని గోకి తీయనవసరం లేదు. గోకినప్పుడు నెత్తురు వచ్చి పారితే హనఫీల ప్రకారం వుజూ పోతుంది. ఉపవాసంలో తలకు షాంపూ వాడితే రోజా భంగం కాదు.

తల బాధను షరీఅత్ ఎంత తీవ్రంగా పరిగణించిందో తెలియాలంటే హుదైబియాలో కఅబ్ బిన్ ఉజ్‌రా (ర) సంగతి చూడాలి. ఇహ్రాంలో ఉండగా ఆయన తల నుండి పేలు ముఖం మీదికి రాలుతుంటే దైవప్రవక్త (స) తల గొరిగించుకోవడానికి అనుమతి ఇచ్చి, ఫిద్యా చెల్లించమన్నారు. బఖరా సూరా 196వ ఆయతు సందర్భం అదే. మా వైపు నుండి హజ్, ఉమ్రాలకు బయలుదేరేవారికి మేము చెప్పేది, చుండ్రు ఉంటే ప్రయాణానికి నెల ముందే చికిత్స మొదలుపెట్టమని. ఇహ్రాంలో సువాసన గల షాంపూ కూడదు. తప్పనిసరై మందు వాడవలసివస్తే వాసన లేని దానిని ముందే డాక్టరుతో వ్రాయించుకుని, మసలాను తమ ముఫ్తీ సాబ్‌ను అడిగి, ఆ చీటీని పాస్‌పోర్టు సంచిలోనే పెట్టుకోవాలి.