సంచి వదిలెయ్ అన్నా!

మన సినిమాల్లో విమానానికి నిప్పంటుకుందంటే చాలు... హీరోగారు జుట్టు చెదరకుండా మంటల్లోకి దూకి, హీరోయిన్‌ని భుజాన వేసుకుని బయటికొచ్చేస్తారు. వెనకాల హోరున రీరికార్డింగ్! ఈల వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణే. కానీ అసలు విమానంలో మనిషిని ముందుగా పడగొట్టేది మంట కాదండీ, పొగ. 1985 ఆగస్టులో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒక విమానం రన్‌వే మీదే అంటుకుని 55 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని బలిగొన్నది పొగే. కొత్తరకం పెద్ద ప్రయాణికుల విమానం ఏది తయారైనా, సగం తలుపులు మూసేసినా సరే 90 సెకన్లలో అందరూ దిగిపోగలరని రుజువు చేయాలి. 90 సెకన్లు! మన డ్యూయెట్‌లో మొదటి చరణం కూడా పూర్తికాదు.

1993 నవంబరు 15 సంగతి మీ అమ్మానాన్నల్ని అడగండి. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి ఎక్కిన మద్రాసు-హైదరాబాదు విమానం ఇక్కడ దిగలేక వెనుదిరిగి, ఇంధనం అడుగంటి, తిరుపతి దగ్గర వరిపొలంలో దిగింది. 262 మందీ క్షేమం! ట్యాంకుల్లో మండడానికి ఏమీ మిగలకపోవడమూ ఒక అదృష్టమే.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. మా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో విమానమంటే సరదా కాదు, బతుకుతెరువు. జగిత్యాల వైపు వెళ్లినా, నిర్మల్ వైపు వెళ్లినా, దుబాయి పోయినవాళ్లు లేని ఊరు వెతకాల్సిందే. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన విమానం దుబాయి రన్‌వే మీద పొట్టతో జారి అంటుకుంది. లోపల పొగ కమ్ముతుంటే కొందరు పై అరలు తెరిచి సంచులు దింపుకుంటున్న వీడియో లోకమంతా చూసింది. 300 మందీ బయటపడ్డారు. మంటలార్పడానికి వచ్చిన ఫైర్‌మన్ ఒకాయన పేలుడులో చనిపోయాడు.

“వీళ్లకి ప్రాణం కన్నా సంచి ఎక్కువా?” అన్నాను, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా పెద్దనాన్న కొడుకుతో.

“పాస్‌పోర్టు, పైసలు, కాయితాలు అన్ని దాంట్లనే ఉంటయి తమ్మీ. అవి పోతే బతికి ఏం జెయ్యాలె?”

నాకు మాట రాలేదు. అప్పు చేసి వీసా కొన్నవాడి మాట అది. అత్యాశ అని కొట్టిపారేస్తే ఎలా?

అందుకే జపాన్ సంగతి చెప్పాను. 2024 జనవరి 2న టోక్యోలో విమానం మండిపోతుంటే 379 మందీ దిగిపోయారు. ఎనిమిది తలుపుల్లో పనికొచ్చినవి మూడే. మైకు కూడా పనిచేయలేదు. ఎయిర్‌హోస్టెస్‌లు గొంతెత్తి అరిచారు, జనం సామాన్లు వదిలేసి వాళ్ల వెంట నడిచారు. నన్నడిగితే హీరోయిన్లు వాళ్లే!

“కాయితాలు నీ ఒంటి మీద ఉంటే సంచి ఇడిశిపెడుతవా అన్నా?”

కాసేపు ఆలోచించి, “ఇడిశిపెడుత” అన్నాడు.

ఆ రాత్రే పెద్దమ్మ మెడలో వేసుకునేందుకు గుడ్డసంచి కుట్టింది. కాయితాలన్నీ అందులోకి వెళ్లాయి. సకినాల డబ్బా మాత్రం పై అరలోకే!