ప్రీవియస్ ఎక్స్‌పీరియన్స్: నిల్

ఫారంలో 'ప్రీవియస్ ఎక్స్‌పీరియన్స్' అని ఒక గడి ఉంది. నేను 'నిల్' అని రాశాను.

హైదరాబాద్‌లో ఒక పాటరీ స్టూడియో. శనివారం శనివారం క్లాసు, బ్యాచ్‌కి ఆరుగురే, మొత్తం ఎనిమిది వారాలు. ఫీజు మన మెస్ బిల్లు కంటే ఎక్కువ. ఒక సీనియర్‌కి మినీ ప్రాజెక్ట్ చేసిపెడితే వచ్చిన పైసలన్నీ అటే పోయాయి. (ఆ ప్రాజెక్ట్ గైడ్ ఈ మ్యాగజైన్ చదవరనే ధైర్యంతో రాస్తున్నా.) ఎందుకు చేరావని అడిగినవాళ్లకు, స్క్రీన్ చూసీ చూసీ విసుగొచ్చిందని చెప్పాను. అది సగం నిజం.

మిగతా సగం నా కుల సర్టిఫికెట్ మీద ఉంది. కుమ్మరి, బీసీ-బి. కౌన్సెలింగ్‌లో ఆ కాగితం చూపించే ఈ కాలేజీలో సీటు తీసుకున్నాను. ఇంకెక్కడా ఆ మాట బయటికి తీయలేదు. హనుమకొండలో ఏడో తరగతిలో ఒక ఏడాదంతా నా పేరు 'కుండల పిల్ల'. అప్పటి నుంచి అలవాటైపోయింది. మన క్లబ్ పోస్టర్ మీద 'కుమ్మర మొల్ల' అని పెద్దక్షరాలతో వేసినప్పుడు కూడా నేను నోరు మెదపలేదు. 16వ శతాబ్దపు కవయిత్రి పేరు ముందు ఉన్న మాట, నా నోట్లోంచి రాలేదు.

మొదటి క్లాసు 'సెంటరింగ్'. అంటే మట్టి ముద్దను తిరిగే చక్రం నడిమధ్యకు తేవడం. వినడానికి ఈజీగానే ఉంటుంది. ముద్ద కొంచెం పక్కకున్నా సరే, చక్రం తిరుగుతుంటే అది చేతుల్ని తంతుంది. మోచేతులు తొడలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, కదలకుండా పట్టుకోవాలి. నా పక్కన కూర్చునే డెంటిస్టు అక్కకు మొదటి రోజే వచ్చింది. నాకు మూడో శనివారం దాకా రాలేదు. రక్తంలో ఉంటుంది అంటారు చూడండి, అదంతా ఉత్తదే.

మొదట చేసిన రెండు కప్పులూ ఆరేటప్పుడే అడుగున పగిలాయి. మూడోది నిలబడింది. ఒకసారి కాల్చి, నీలం గ్లేజ్ పూసి, కరెంటు బట్టీలో 1200 డిగ్రీల దాకా కాల్చారు. దాన్ని టవల్‌లో చుట్టుకుని ఊరికి బయల్దేరాను.

ఘనపూర్ అంటే మీలో చాలామందికి కోటగుళ్లు గుర్తొస్తాయి. అది భూపాలపల్లి వైపు ఘనపూర్. మాది జనగామ జిల్లాలోది, స్టేషన్ ఘనపూర్. సికింద్రాబాద్‌లో రైలెక్కితే రఘునాథపల్లి దాటాక వస్తుంది. అక్కడ ఇప్పుడు బాపమ్మ ఒక్కతే ఉంటుంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు తాత పోయాడు. తాత సారె ఇంటి వెనక గోడకు ఆనించి ఉంది. స్టూడియోలో చక్రానికి పెడల్ ఉంటుంది, కాలు నొక్కితే తిరుగుతుంది. తాతది కర్రతో తిప్పి వదిలితే, తన బరువుతో తనే తిరిగే చక్రం. అది ఆగేలోపు పని అయిపోవాలి.

బాపమ్మ కప్పును చేతిలో పట్టుకుని ఎత్తి చూసింది.

"గింత బరువేంది బిడ్డా? చాయ్ తాగుడా, తూకం జోకుడా?"

వేలితో కొట్టి చప్పుడు విన్నది. లోపల గోరుతో గీకింది. "జాడీ లెక్కనే ఉన్నది. నీళ్లు ఉరవయి" అంది. నిజమే. మన కుండకు కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. నీళ్లు అందులోంచి ఊరి, గాలికి ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకుపోతాయి. అందుకే చల్లగుంటాయి. గ్లేజ్ ఆ దారి మూసేస్తుంది.

"ఎంతిచ్చినవ్ దీనికి?"

సగం తగ్గించి చెప్పాను.

"గా పైసలకు రెండు పెండ్లిళ్ల ఐరేని కుండలు చేసిస్తుంటిమి."

నా కప్పులు ఎందుకు పగిలాయని అడిగాను. "అడుగు గట్టిగ ఒత్తలే. ఎండకు పెట్టినవ్. నీడకు, నిమ్మళంగ ఆరాలె" అంది. మేడం కూడా అదే చెప్పేది, ఇంగ్లిష్‌లో, ప్రతి వారం. నేనే పట్టించుకోలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. కుండలన్నీ తాతే చేశాడనుకునేదాన్ని ఇన్నాళ్లూ. సారె మీద తాత చేసింది మూతి, మెడ, దాని కింద మందపాటి మట్టి గోడ. దాన్ని పల్చగా సాగదీసి కడుపు చేసింది బాపమ్మ. లోపల ఒక చేత్తో గుండ్రాయి పెట్టి, బయట ఇంకో చేత్తో చెక్కతో కొడుతూ. చిన్నప్పుడు సెలవుల్లో నేను నిద్ర లేచింది ఆ చప్పుడుకే. మట్టి తొక్కింది కూడా తనే.

"నువ్వు సారె మీద కూసున్నవా?" అని అడిగింది.

"ఆఁ."

"మమ్ములను ముట్టనియ్యకపోయేది. ఆడోళ్లు ముట్టద్దనేటోళ్లు." కోపంగా ఏం అనలేదు. చీపురు పట్టనియ్యలేదు అన్నంత మామూలుగా అంది. కాసేపాగి, "గాడ చెప్పినవా, కుమ్మరోళ్ల పిల్లనని?"

"లే."

"మీ నాయన గూడ గంతే" అని లేచి చాయ్ పెట్టబోయింది. ఏమైనా తిడితే బాగుండు అనిపించింది.

తర్వాతి శనివారం నేను అడుగు గట్టిగా ఒత్తాను, నీడలో పెట్టాను. పగల్లేదు. ఏం చేశావని డెంటిస్టు అక్క అడిగింది. "మా బాపమ్మ చెప్పింది. మేం కుమ్మరోళ్లం" అన్నాను. క్లాసంతా ఇంగ్లిష్‌లో నడుస్తుంటే ఇది మాత్రం తెలుగులో వచ్చేసింది. మేడం చక్రం ఆపి, ఆమెను ఒకసారి ఇక్కడికి తీసుకొస్తావా అని అడిగింది.

రాత్రి ఫోన్ చేశాను. ముందు కప్పు సంగతి చెప్పింది. చాయ్‌కి పనికిరాదట, ఉప్పు పోసి పెట్టిందట. మామూలు కుండలో ఉప్పు పోస్తే కొన్నాళ్లకు పొట్టు రాలుతుంది, ఇది మంచిగున్నది అంది. అప్పుడు మేడం అడిగిన మాట చెప్పాను.

"వచ్చి నేనేం జెయ్యాలె?"

"కుండ ఎట్ల కొడ్తరో చూపిస్తవట."

కాసేపు ఏం మాట్లాడలేదు.

"సారె ముట్టనిస్తరా?"

చివరి క్లాసుకు ఇద్దరికీ టికెట్లు తీశాను. మోకాళ్ల నొప్పులున్నాయి, అక్కడేమో అన్నీ ఎత్తు స్టూళ్లు. పీట ఒకటి దొరుకుతుందేమో అడగాలి.