కాయితం ఆపితే చాలు, మనం ఆగిపోతామనుకుంటారు



మందస, మెళియాపుట్టి కొండల నుంచి దిగి పలాస, టెక్కలి కాలేజీల్లో చదువుతున్న హాస్టల్ పిల్లలం మేం. మాలో చాలామంది ఇళ్లలో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. ఈ జూన్‌లో కొత్తగా చేరబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవాలనే ఇది రాస్తున్నాం.

స్ట్రిక్టు ప్రిన్సిపాల్ వేరు, భయపెట్టి నడిపే ప్రిన్సిపాల్ వేరు. స్ట్రిక్టు మనిషి దగ్గర రూల్ అందరికీ ఒకటే, అడిగితే చెప్తారు. రెండో రకం మనిషి దగ్గర రూల్ ఆయన నోట్లోనే ఉంటాది. ఈ రోజు ఒకటి, రేపు ఇంకొకటి. ఆయన అరవక్కర్లేదు. మన హాల్ టికెట్, అటెండెన్స్, టీసీ ఆయన చేతిలో ఉన్నాయి. కాయితం ఆపితే చాలు.

మాకు జరిగింది చెప్తాం, కాలేజీ పేరు రాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు మీరే కట్టండి, అప్పుడే హాల్ టికెట్ అన్నారు. కొందరి నాన్నలు జీడిపిక్కలు తక్కువ రేటుకి షావుకారికి అమ్మేసి డబ్బు తెచ్చారు. "రసీదు ఇవ్వండి సార్" అని అడిగిన అమ్మాయికి ఆ నెల అటెండెన్స్ తగ్గిపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు. "మనకేటి, పరీక్ష రాసి పోదాం" అనుకున్నారు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మనందరికీ తెలుసు. చాలామందికి నొప్పి తెలీకుండానే లోపల పాడైపోతాది, తెలిసేసరికి డయాలసిస్. ఈ భయమూ అలాంటిదే. పైకి కాలేజీ ప్రశాంతంగా ఉంటాది. లోపల అడిగే అలవాటు చచ్చిపోతాది.

పెద్ద యూనివర్సిటీల్లో ఇలా ఉండదనుకోకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ఫెలోషిప్ 2015 జులై నుంచి ఆగిపోయింది. అంబేడ్కర్ విద్యార్థి సంఘంలోని ఐదుగురు పరిశోధక విద్యార్థులను, అందులో రోహిత్ ఒకరు, హాస్టల్ నుంచి బయటికి పంపారు. పరిపాలనా భవనంలోకి రావద్దన్నారు. వాళ్లు క్యాంపస్‌లోనే టెంటు వేసుకుని పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు, అతనికి రావాల్సి ఉంది. సెలవు మీద వెళ్లిన వైస్ చాన్సలర్ మార్చి 22న మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు నిరసన చేసిన విద్యార్థులు అరెస్టయ్యారు. అక్కడా ముందు ఆగింది డబ్బు, తర్వాత గది. చివరికి మనిషిని ఒంటరిని చేశారు.

అందుకే ఒంటరిగా వెళ్లకండి, నోటిమాటతో ఆగిపోకండి. మేం ఆ తర్వాత అందరం కలిసి అర్జీ రాశాం. ఎవరు మొదలో తెలీకుండా సంతకాలు గుండ్రంగా పెట్టాం. ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. పరీక్షకి ముందురోజు హాల్ టికెట్లు ఇచ్చారు. కట్టిన డబ్బుకి మాత్రం ఇప్పటికీ రసీదు లేదు, ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఇవి గుర్తుపెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి కనీసం ఒకరు ఉండాలి. 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. వాళ్ల నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. మీ కాలేజీలో ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన మొదటి వారంలోనే అడిగి రాసుకోండి.

రేపు మనలోంచి ఒకరు వార్డెన్ అవుతారు, ఒకరు ప్రిన్సిపాల్ అవుతారు. ఆ రోజు కొండ మీంచి వచ్చిన పిల్ల రసీదు అడిగితే, కూర్చోబెట్టి రాసివ్వాలి.

అర్జీ రాయడం రాకపోతే కింద కామెంట్ పెట్టండి. మేం రాసిపెడతాం.